వెంటపడిన బైకు: ఒక గంజాయి కేసులో నేను ఆలస్యంగా అడిగిన ప్రశ్న

ఈ కేసు రాయడానికి అబ్బాయి, వాళ్లమ్మ ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒకే షరతు పెట్టారు: సొంత చుట్టాలు చదివినా గుర్తుపట్టకూడదు. అందుకే వయసు, చదువు, నెలలు, ఊళ్లు కొంచెం అటూ ఇటూ చేశాను. పేరు అసలు పెట్టలేదు, అబ్బాయి అనే అంటాను. మందులు, జరిగిన పొరపాట్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను. ఆ పొరపాట్లలో పెద్దది నాదే.

నేను తిరుపతిలో సైకియాట్రిస్టుని. క్లినిక్‌కి వచ్చే వ్యసనం కేసుల్లో సారాయి, బ్రాందీలదే ఇప్పటికీ పెద్దపీట. కానీ గంజాయి లేని వారం ఉండటం లేదు.

మొదటి విజిట్

జూన్, మామిడి సీజన్. తల్లి, మేనమామ అబ్బాయిని చెరో పక్కన కూర్చోబెట్టుకుని వచ్చారు. మేనమామ లారీ ఓనరు. తోతాపురి లోడు గుజ్జు ఫ్యాక్టరీ ముందు క్యూలో పెట్టి వచ్చాడు. ఐదు నిమిషాలకోసారి డ్రైవరు ఫోన్ చేస్తున్నాడు, బండి ఎంత ముందుకు జరిగిందో చెప్పడానికి. "తొందరగా చూసేయండి మేడమ్, కాయ మెత్తబడిపోతే అడిగేవాడుండడు" అన్నాడు. తల్లి టైలరింగ్ చేస్తుంది. తండ్రి ఐదేళ్ల కిందట తాగుడుతో లివర్ చెడిపోయి పోయాడు.

అబ్బాయికి 22 ఏళ్లు. ఐటీఐ అయ్యాక ట్రావెల్స్ కారు నడిపేవాడు. రాత్రి డ్యూటీలే ఎక్కువ: రేణిగుంట స్టేషన్, ఎయిర్‌పోర్టు, శ్రీకాళహస్తి ట్రిప్పులు. ఏడు నెలలుగా పని లేదు.

తల్లి చెప్పింది ఇది. మూడు వారాలుగా నిద్దర లేదు. రాత్రంతా మిద్దె మీద తిరుగుతున్నాడు. ఫోన్‌ని బియ్యం డబ్బాలో పెట్టి మూత వేస్తున్నాడు. టీవీలో వాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారని రిమోట్ పగలగొట్టాడు. వీధి చివర నల్ల బైకు ఒకటి నిలబడి ఉంటుందట, తనను చూసి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోతుందట. "మాకెవరికీ కనపడదు మేడమ్. వీడికే కనపడతా ఉంది."

చూసిన వివరాలు క్లుప్తంగా: బరువు 51 కిలోలు, నాడి 108, కళ్లు ఎర్రగా ఉన్నాయి, కుడిచేతి చూపుడువేలి చివర కాలి పసుపుపచ్చగా గట్టిపడింది. సూది గుర్తులు లేవు. మాట తీరు సరిగానే ఉంది, తేదీ, వారం, స్థలం అన్నీ తెలుసు. గంజాయి పదిహేడో ఏట మొదలైంది. మొదట్లో ఆదివారాలు, తర్వాత నైట్ డ్యూటీ అయ్యాక, గత రెండేళ్లుగా రోజుకు ఐదారు. మాత్రల గురించి ప్రత్యేకంగా అడిగాను, వాడలేదన్నాడు. ఇది గట్టిగా అడగాలి, ఎందుకంటే ట్రమడాల్, టాపెంటడాల్ లాంటి నొప్పి మాత్రలను మత్తుకి వాడేవాళ్లు చాలామందే ఉన్నారు, ఇవి నల్లమందు జాతి మత్తును పట్టే మామూలు ఓపియేట్ పరీక్ష స్ట్రిప్‌లో చాలాసార్లు పడవు. ఆ మాత్రలు ఉంటే చికిత్స దారే మారిపోతుంది.

మూత్రంలో గంజాయి ఉందో లేదో చూసే యూరిన్ కార్డు పెట్టాం. కంట్రోల్ దగ్గర గీత వచ్చింది, టెస్ట్ దగ్గర రాలేదు. తల్లి కార్డు చూసి దణ్ణం పెట్టింది. "ఒకే గీత మేడమ్! లేదు కదా?" కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ నేర్పిన లెక్క అది: ఒక గీత అంటే లేదు, రెండు గీతలంటే ఉంది. గర్భం కార్డూ అంతే. మత్తు పదార్థాల కార్డు దీనికి తిరగేసి ఉంటుంది. టెస్ట్ గీత రాకపోతేనే పాజిటివ్. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. నర్సు చెప్పింది.

కేసు షీటులో రెండు డయాగ్నోసిస్‌లు రాశాను: గంజాయి డిపెండెన్స్, అంటే అది లేకుండా ఉండలేకపోవడం; గంజాయి వల్ల వచ్చిన సైకోసిస్, అంటే లేనిది ఉన్నట్టు గట్టిగా నమ్మే స్థితి. టీవీ సంగతి, బైకు సంగతి ఒకే గాటన కట్టి "వెంటాడుతున్నారనే భ్రమ" అని రాశాను. సైకోసిస్‌ని తగ్గించే ఒలాంజపిన్ 10 మిల్లీగ్రాములు రాత్రిపూట. పదిహేను రోజులకు రమ్మన్నాను. మొత్తం నలభై నిమిషాలు పట్టింది, అప్పటికి మామిడి లోడు నాలుగు బళ్లు ముందుకు జరిగింది.

నా దగ్గరికి రాకముందు

వ్యసనం కేసులో ఈ భాగాన్ని అందరం రెండు లైన్లలో తేల్చేస్తాం. నేను ఇక్కడ కాస్త ఆగుతాను, కేసు తాళంచెవి ఇందులోనే ఉంది.

మొదట కాణిపాకం. మన జిల్లాల్లో తాగుడు మానాలంటే వరసిద్ధి వినాయకుడి దగ్గర ప్రమాణం చేయించడం తరతరాల అలవాటు. కళ్లు ఎర్రబడటం, అన్నానికి లేటుగా రావడం చూసి, తండ్రి దారే పట్టాడని తల్లి తీసుకెళ్లింది. అబ్బాయి తడిబట్టలతో "మందు ముట్టను" అని ప్రమాణం చేశాడు. తర్వాత ఎప్పుడో నాతో అన్నాడు: "ఆ మాట తప్పలేదు మేడమ్. ఈ రోజుకీ బీరు కూడా తాగలే." నిజమే. ప్రమాణం చేయించినవాళ్లు సరుకు పేరు తప్పు చెప్పారంతే. నవ్వొచ్చినా, నాకు ఈ విషయం బాగా పనికొచ్చింది. మాట ఇస్తే నిలబెట్టుకోగలడని రుజువు దొరికింది.

తర్వాత అన్నంలో కలిపే పొడి. ఎవరో తెలిసినామె ఇచ్చింది, "వాడికి తెలియకుండా పెట్టు, పది రోజుల్లో మానేస్తాడు" అని. ఇలాంటి పొడుల్లో డైసల్ఫిరామ్ కలుస్తూ ఉంటుంది. అది మద్యం మాన్పించడానికి రోగికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేసి ఇచ్చే మందు. తెలియకుండా పెట్టాక మనిషి మద్యం తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. గంజాయి మీద దానికి ఏ పనీ లేదు. కాణిపాకం ప్రమాణమే ఆ పొడి నుంచి ఇతన్ని కాపాడిందని నా అనుమానం.

మూడోది సెంటర్. వేరే ఊళ్లో ఒక ప్రైవేట్ రీహాబ్. పేరు అనవసరం. ఫోన్ చేస్తే తెల్లవారుజామున వ్యాన్ వచ్చింది, నలుగురు దిగారు, నిద్రలో ఉన్నవాడిని చేతులు వెనక్కి విరిచి ఎక్కించారు. నెలకు పన్నెండు వేల లెక్కన మూడు నెలలు, తల్లి గాజులు కుదువకు పోయాయి. ఫోన్ లేదు, ఇంటివాళ్లు చూడటానికి లేదు, డాక్టరు ఎప్పుడూ కనపడలేదు. తప్పు చేస్తే మోకాళ్ల మీద నిలబెట్టడం, కర్రతో కొట్టడం. తొమ్మిది కిలోలు తగ్గి బయటికొచ్చాడు. ఆ సాయంత్రమే గంజాయి తాగాడు. మూడు నెలల్లో అతనికి నేర్పింది భయపడటం ఒకటే. ఇంకోటి కూడా దొరికింది: పక్క మంచంలో పడుకున్నవాడి నంబరు. ఆ నంబరు సంగతి నాకు మూడో విజిట్ దాకా తెలియలేదు.

గంజాయికి మాత్ర ఏది?

మేనమామ అడిగిన మొదటి ప్రశ్న ఇదే. "సిగరెట్‌కి బబుల్‌గమ్ ఉంది కదా మేడమ్, దీనికి అట్టాంటిది రాయండి."

లేదు. హెరాయిన్, ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్లకు బుప్రనార్ఫిన్ ఉంది, మద్యానికి నాల్‌ట్రెక్సోన్ లాంటివి ఉన్నాయి, పొగాకుకి నికోటిన్ గమ్ ఉంది. గంజాయి యావను తగ్గించడానికని ఆమోదం పొందిన మందు ఇప్పటికి లేదు. నిద్రకి, చిరాకుకి, సైకోసిస్‌కి మందులిస్తాం. మిగతాదంతా మాటలతో, వారం వారం కూర్చోబెట్టి, ఎప్పుడు యావ పుడుతుంది, ఎవరిని చూస్తే పుడుతుంది, చేతిలో డబ్బు పడ్డ రోజున ఏం జరుగుతుంది అని తవ్వుకుంటూ పోవడమే. ఇంతకంటే గొప్ప వైద్యం మా దగ్గర ఉందని ఎవరైనా చెబితే అనుమానించండి.

మానిన మొదటి వారం ఎలా ఉంటుందో తల్లికి ముందే చెప్పాను. ఒకటి రెండు రోజుల్లో మొదలవుతుంది: చిరాకు, కోపం, ఆకలి లేకపోవడం, చెమటలు, పీడకలలు. మొదటి వారంలోనే బాగా ముదురుతుంది, రెండు వారాలకు చాలావరకు సర్దుకుంటుంది. నిద్ర మాత్రం నెల దాకా సతాయిస్తుంది. "ఈ వారంలో వాడు అన్న ఏ మాటా మనసులో పెట్టుకోకమ్మా" అన్నాను. ఆమె ఒక కాగితం మీద రోజుల అంకెలు వేసి కుట్టుమిషన్ పక్కన గోడకు అంటించుకుంది. రోజుకొకటి కొట్టేస్తూ వచ్చింది.

రెండో విజిట్, నా తప్పు

పదిహేను రోజులకు టీవీ నోరు మూసుకుంది. నిద్ర ఐదు గంటలకు వచ్చింది. బైకు మాత్రం పోలేదు. నేను ఒలాంజపిన్ 15 చేశాను.

మూడో విజిట్‌కి మనిషి మందగించాడు, రెండున్నర కిలోలు పెరిగాడు, మాట నిదానమైంది. బైకు ఉంది. 20 చేద్దామా అని పెన్ను తీశాను. అప్పుడు కాస్త తట్టింది. మందు పనిచేస్తోంది కాబట్టే టీవీ ఆగింది. అదే జబ్బులో భాగమైతే బైకు చెక్కుచెదరకుండా ఎందుకుంది? పైగా భ్రమ ఉన్న మనిషిని గుచ్చిగుచ్చి అడిగితే కథ పెరుగుతూ పోతుంది: బైకు వెనక పోలీసులు, వాళ్ల వెనక సీఎం, వాళ్ల వెనక శాటిలైట్. ఇతను మొదటి రోజు చెప్పిన దానికి ఒక్క ముక్క కలపలేదు. నల్ల బైకు, సాయంత్రం ఏడుకి, ముందు చక్రం మీద మడ్‌గార్డు విరిగింది.

మేనమామను బయట కూర్చోమన్నాను. ఆయనకు నచ్చలేదు. తలుపు వేశాక లెక్క మొదలుపెట్టాను.

"రోజుకు ఎంత అయ్యేది నాయనా?"

"మూడొందలు."

"నెలకు తొమ్మిది వేలు. ఏడు నెలలుగా పని లేదు. అంటే అరవై మూడు వేలు. ఇంట్లో కుదువ పెట్టేదానికి గాజులు కూడా లేవు, అవి సెంటరుకే పోయినాయి. ఆ డబ్బు ఎక్కడిది?"

చాలాసేపు మాట్లాడలేదు. తలుపు వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. తర్వాత అన్నాడు: "ఆ బైకు నిజంగానే ఉంది మేడమ్."

ఏ డాక్టరూ ఈ వాక్యం వినాలనుకోడు. నిజంగా ఉన్న బైకుకి నేను మందు రాస్తూ వచ్చాను. టీవీ జబ్బు, బైకు అప్పు. రెండూ ఒకే నోటి నుంచి, ఒకే వణుకుతో వచ్చాయి కాబట్టి ఒకే పేరు పెట్టేశాను. "ఎంత తాగుతావు, ఎప్పటి నుంచి, ఎవరితో" అన్నీ మా ఫారంలో ఉన్నాయి. "డబ్బు ఎక్కడిది" అనే గడి లేదు. ఉన్నా నింపేవాళ్లం కాదేమో. పోలీసు ప్రశ్నలా వినిపిస్తుందని మొహమాటం.

బ్యాగు

ఇంకో ఫోన్ ఉంటే అది అమ్మి, పెళ్లిళ్లకు డ్రైవింగు చేసి పాతిక వేల దాకా కట్టాడు. మిగతా ముప్పై ఎనిమిది వేలు అప్పు. అప్పుగా సరుకు ఇచ్చినవాడు సెంటర్లో పక్క మంచం మనిషికి తెలిసినవాడు. అప్పు కొంత పెరిగేదాకా ఒక్క మాట అనలేదు. "ఏం పర్లేదురా, ఉన్నప్పుడు ఇయ్యి." ముప్పై దాటాక మాట మారింది. ట్రైనులో పోయి ఒక బ్యాగు తీసుకురావాలి, ట్రిప్పుకి పదివేలు తీసేస్తాను.

గంజాయి ఎక్కడి నుంచి వస్తుందో ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల్లో, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ నుంచి ఒడిశా వైపు దాకా దశాబ్దాలుగా సాగవుతోంది. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో పోలీసులు వేల ఎకరాల్లో తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు రెండు లక్షల కిలోల సరుకు ఒకేచోట తగలబెట్టారు. 2024 చివర్లో రాష్ట్రంలో మత్తు పదార్థాలను అడ్డుకోవడానికి ఈగల్ అనే ప్రత్యేక పోలీసు విభాగం వచ్చింది. అయినా పారేది పారుతూనే ఉంది, ఎందుకంటే కొనేవాళ్లు దక్షిణాన ఉన్నారు. అటు చెన్నై, ఇటు బెంగళూరు, మధ్యలో మనం. చిత్తూరు జిల్లాకు తమిళనాడు, కర్ణాటక రెండూ సరిహద్దులే. ఉత్తరాంధ్ర నుంచి తిరుపతి, రేణిగుంట వచ్చే రైళ్లలో రోజూ యాత్రికుల జనం. ఆ జనంలో ఒక బ్యాగు ఏ లెక్క?

శేషాచలం ఎర్రచందనం చూసిన ఊరివాళ్లకు ఈ కథ వేరే చెప్పక్కర్లేదు. దొరికేది దుంగ మోసిన కూలీ, కేసు పడేది కూలీ మీద. ఇక్కడ దుంగకు బదులు బ్యాగు, కూలీకి బదులు అదే సరుకుకి బానిసైన కుర్రాడు. మోసేవాడికి విడిగా జీతం కూడా ఇవ్వక్కర్లేదు, అప్పులో తగ్గిస్తే చాలు.

మొదటి ట్రిప్పు గురించి అతను చెప్పింది ఇక్కడ రాస్తాను, ఎందుకంటే తర్వాత వైద్యంలో పది వారాలు మేం ఆ రాత్రి చుట్టూనే తిరిగాం. నాలుగు కిలోలు, బ్రౌన్ టేపు చుట్టిన రెండు ప్యాకెట్లు. జనరల్ బోగీ. వాసన వస్తుందేమోనని రాత్రంతా పక్కవాళ్ల మొహాలే చూస్తూ కూర్చున్నాడు. ఎవరైనా ముక్కు తుడుచుకుంటే గుండె ఆగినంత పని. ఎదురు సీట్లో శ్రీకాకుళం నుంచి మొక్కు తీర్చుకోవడానికి వస్తున్న కుటుంబం. ముసలామె ఆకులో పులిహోర పెట్టి ఇచ్చి, "నువ్వు కూడా దర్శనానికేటి బాబూ?" అని అడిగింది. అవునన్నాడు. "కాణిపాకంలో చెప్పిన మాట నిలబెట్టుకున్నా మేడమ్. ఆమెకు మాత్రం దేవుడి పేరు చెప్పి అబద్ధం ఆడా." ఆ పులిహోర తిన్నాడట. రేణిగుంటలో దిగి వాంతి చేసుకున్నాడట.

రెండో ట్రిప్పు అయింది. మూడోదానికి పిలిచేలోపు, వేరే రైల్లో వెళ్లిన స్నేహితుడిని పోలీసులు పట్టుకున్నారు. ఇతను రానన్నాడు. ఇంకా పద్దెనిమిది వేలు బాకీ. అప్పటి నుంచి బైకు.

నిద్ర లేకపోవడం, మిద్దె మీద తిరగడం, ఫోన్‌ని బియ్యం డబ్బాలో దాచడం, ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఫోన్ మోగుతుంటే అమ్మ ఎత్తుతుందేమోనని దాచాడు.

చట్టం సంగతి

ఇక్కడ నేను డాక్టరుగా ఎంతవరకో, దాటితే ఏమిటో ఒక లాయరుతో మాట్లాడి తేల్చుకున్నాను. మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్, 2017 ప్రకారం రోగి చెప్పింది గోప్యంగా ఉంచడం నా బాధ్యత. అతను చెప్పింది నా గదిలోనే ఉంటుందని మాట ఇచ్చాను.

తప్పుడు ధైర్యం మాత్రం ఇవ్వలేదు. "బ్యాగు మోశా అంతే, నేనేమన్నా అమ్మినానా" అనేది అతని లెక్క. మత్తు పదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం, 1985 లెక్క వేరు. గంజాయికి కిలో లోపు చిన్న మొత్తం, ఏడాది దాకా జైలు. 20 కిలోలు దాటితే కమర్షియల్ మొత్తం, పదేళ్లకు తగ్గకుండా ఇరవై ఏళ్ల దాకా, బెయిలు దొరకడం చాలా కష్టం. మధ్యలో పడితే పదేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. నాలుగు కిలోలు ఆ మధ్యలోనే ఉంది. తీసుకురావడం, దగ్గర ఉంచుకోవడం, అమ్మడం మధ్య చట్టం అతను అనుకున్నంత తేడా చూడదు.

తాగినందుకు శిక్ష వేరే సెక్షన్, 27. గంజాయికి ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. ఇదే చట్టంలో 64ఏ అని ఒకటుంది. వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వస్తే, తాగిన కేసులోనూ చిన్న మొత్తం కేసులోనూ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. చాలా కుటుంబాలకు ఇది తెలియదు. ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసవుతుందని భయపడి, చీకట్లో వ్యాన్ పంపేవాళ్లకు ఫోన్ చేస్తారు. నాలుగు కిలోల బ్యాగుకి మాత్రం 64ఏ వర్తించదు. అది కూడా అతనికి చెప్పాను.

"ఆ అప్పు కోర్టులో చెల్లదు, సరుకే చట్టవిరుద్ధం" అన్నాడు లాయరు. మేనమామకు ఆ మాట చెప్పాల్సి వచ్చింది, అబ్బాయి అనుమతితోనే. మేనమామ బదులు: "కోర్టులో నిలవదు, సరే. వాడు వీధిలో నిలబడి ఉండాడు కదా మేడమ్."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఈగల్ టోల్‌ఫ్రీ నంబరు 1972 రాసి ఇచ్చాను. పేరు చెప్పకుండా సమాచారం ఇవ్వచ్చు, కావాలంటే లాయరు ద్వారా వెళ్లండి అన్నాను. వాళ్లు చేయలేదు. వాళ్ల ఇల్లు అదే వీధిలో ఉంది, నాది లేదు. నేను ఒత్తిడి చేయలేదు.

ఎక్కడ చేర్చాలి

మేనమామ మళ్లీ సెంటరు అన్నాడు. అబ్బాయి ఆ మాట వినగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. వణుకుతున్నాడు. చేర్చే అవసరం ఉందా అని చూస్తే, టీవీ భ్రమ తగ్గింది, ఆత్మహత్య ఆలోచన లేదు, మానేయడానికి ఒప్పుకున్నాడు. అతనికి కావాల్సింది మంచం కాదు, ఆ వీధికి దూరం.

అయినా అడిగే కుటుంబాలకు నేను చెప్పేది ఇక్కడ రాస్తాను. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంటుంది, తిరుపతిలో రుయా ఆసుపత్రిలో ఉంది. ముందు అక్కడ ఓపీ చూపించుకోండి, ఖర్చు దాదాపు ఉండదు. చిత్తూరు వైపు వాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గర. కేసు చిక్కుగా ఉంటే బెంగళూరు నిమ్హాన్స్‌లో వ్యసనాలకే ప్రత్యేక సెంటరు ఉంది. ఎక్కడికి పోవాలో తెలియకపోతే 14446, కేంద్ర ప్రభుత్వ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్, దగ్గర్లో గ్రాంటుతో నడిచే సెంటర్ల వివరం చెబుతారు. మనసు బాగోలేకపోతే 14416, టెలిమానస్, తెలుగులో మాట్లాడతారు.

ప్రైవేట్ సెంటరైతే ఫోన్లో నాలుగు మాటలు అడగండి. స్టేట్ మెంటల్ హెల్త్ అథారిటీ రిజిస్ట్రేషన్ ఉందా? సైకియాట్రిస్టు వారంలో ఎన్నిసార్లు వస్తారు, పేరేమిటి? మా అబ్బాయితో మేం మాట్లాడొచ్చా, వచ్చి చూడొచ్చా? వ్యాన్ పంపిస్తారా? చివరిదానికి "పంపిస్తాం, మీరేం కంగారు పడొద్దు" అంటే ఫోన్ పెట్టేయండి. ఒప్పుకోని మనిషిని చేర్చడానికి మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్‌లో దారి ఉంది, సెక్షన్ 89. దానికి డాక్టర్ల పరీక్ష కావాలి, గడువు ముప్పై రోజులు, రాతకోతలు కావాలి. చేతులు విరిచి ఎక్కించడం ఏ సెక్షన్‌లోనూ లేదు.

దేశం మొత్తం మీద చికిత్స ఎంత దూరంలో ఉందో ఒక్క అంకెతో చెప్పచ్చు. 2019లో ఎయిమ్స్ బయటపెట్టిన జాతీయ సర్వేలో మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందినట్టు తేలింది. చట్టబద్ధంగా అమ్మే మద్యానికే అంత దూరం.

పలమనేరు

తల్లి అక్క పలమనేరు దగ్గర ఉంటుంది. నాలుగు ఆవులు, ముప్పావు ఎకరం టమాటా. ఆమెకు విషయం అంతా చెప్పే పంపమన్నాను, దాచి పంపవద్దన్నాను. పెద్దమ్మ అడిగింది ఒక్కటే: "తెల్లారి నాలుక్కి లేస్తాడా?" నిద్ర పట్టనివాడికి నాలుగు గంటల ప్రశ్న పెద్ద సమస్య కాదు.

ఒలాంజపిన్ 10కి, తర్వాత 5కి తగ్గించి మూడు నెలలకు ఆపాను. వారానికోసారి ఫోన్లో, నెలకోసారి బస్సులో వచ్చి ఎదురుగా. మేం చేసిన పని చాలా చిన్నది. యావ పుట్టినప్పుడు పదిహేను నిమిషాలు వాయిదా వేయడం, ఆ పదిహేను నిమిషాల్లో చేతులకు పని ఇవ్వడం. కౌన్సెలింగ్ పుస్తకాల్లో దీనికి పెద్ద పేర్లు ఉన్నాయి. అతను పాలక్యాన్ తోముతాను అన్నాడు. క్యాన్లు అద్దంలా మెరుస్తున్నాయని పెద్దమ్మ ఫోన్‌లో మెచ్చుకుంది. దాన్నిబట్టి ఆ వారం బాలేదని నాకు అర్థమైంది.

పాత నంబరు తీసేసి కొత్తది తీసుకున్నాడు. పక్క మంచం వాడి నంబరు మాత్రం కంఠతా వచ్చట. దాన్ని మర్చిపోయే ఉపాయం నాకూ తెలియదు.

మొదటి నెల ఆఖర్లో గొడవ జరిగింది. పెద్దమ్మ ఊళ్లో మెడికల్ షాపులో కార్డు కొని పరీక్ష చేయించింది. టెస్ట్ గీత రాలేదు. ఈసారి తల్లికి లెక్క తెలుసు. ఫోన్లో ఏడ్చింది. అబ్బాయి ముట్టలేదని ఒట్టు వేశాడు, ఎవరూ నమ్మలేదు. గంజాయిలోని మత్తు పదార్థం కొవ్వులో నిల్వ ఉంటుంది. ఎప్పుడో ఒకసారి తాగినవాళ్లకు మూడు నాలుగు రోజుల్లో పోతుంది, ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్లకు నెల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ రోజులు మూత్రంలో కనిపిస్తుంది. ఈ మాట నేను ముందే చెప్పి ఉండాల్సింది. ఆరో వారంలో రెండు గీతలు వచ్చాయి. దాన్ని ఫోటో తీసి పంపాడు, కింద ఏమీ రాయలేదు.

జాతర

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు తిరుపతి వచ్చాడు. రాకుండా ఉండమని నేను చెప్పలేదు, చెప్పినా ఆ ఊరి పిల్లవాడు వినడు. చిన్నప్పటి నుంచి వేషం వేసేవాడు. మూడో రోజు పాత స్నేహితుల మధ్య రెండు దమ్ములు లాగాడు. మర్నాడు ఉదయం క్లినిక్ తెరవకముందే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, చెవుల వెనక గంధం ఇంకా పోలేదు.

"తాగినా మేడమ్."

"ఎన్ని?"

"రెండు. మూడోది వాడే ఇచ్చాడు, వద్దన్నా."

రెండు దమ్ములకు మళ్లీ మొదటికొచ్చిందని నేను అనుకోను. అంతకుముందు తాగిన రోజున దాచేవాడు, ఈసారి పొద్దున్నే వచ్చాడు. షీటులో దాన్ని రిలాప్స్, అంటే మళ్లీ వ్యసనంలో పడటం, అని రాయలేదు. ఎవరు ఇచ్చారు, ఎక్కడ నిలబడ్డారు, ఎన్ని గంటలకు అని గంటసేపు రాసుకున్నాం. అప్పు ఇస్తానని ఎవరైనా అన్నారా అని కూడా అడిగాను. ఇప్పుడు ఆ డబ్బు ప్రశ్న ప్రతి గంజాయి కేసులో మొదటి విజిట్‌లోనే అడుగుతున్నాను, వెంట వచ్చినవాళ్లను బయటకు పంపించి. పోలీసు ప్రశ్నలా వినిపించకుండా ఉండటానికి ముందు "ఇది ఈ గది దాటదు" అంటాను. కొందరు అబద్ధం చెబుతారు. కొందరు తలుపు వైపు చూస్తారు. అలా చూసినవాళ్లను వారంలో మళ్లీ రమ్మంటాను.

ఆ రోజే మాటల్లో తెలిసింది. బైకు కనిపించక చాలా నెలలైందట. ఎందుకు ఆగిందో అతనికి తెలియదు. నేను మేనమామకు ఫోన్ చేశాను. కాసేపు నసిగాడు. "నేనే కట్టేసినా మేడమ్, పోయిన సీజన్లోనే. మీకు చెబితే వద్దంటారని చెప్పలే."

వద్దనేదాన్నే. ఆ పద్దెనిమిది వేలు ఇంకెవరి చేతికి ఇంకో బ్యాగు ఇచ్చాయో ఆలోచిస్తే ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది. కానీ ఆ వీధిలో ఒక తల్లి ఒంటరిగా మిషన్ కుట్టుకుంటూ ఉంది. పట్టుబడ్డ స్నేహితుడి విచారణ ఇంకా నడుస్తోంది. అతని తల్లిని ఉచిత న్యాయ సహాయం కోసం జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీకి పంపించాను.

మొదటి విజిట్ నుంచి ఇప్పటికి పద్నాలుగు నెలలు. బరువు 59. మందులు లేవు. జాతర తర్వాత చేసిన మూడు పరీక్షల్లోనూ రెండు గీతలే. డ్రైవింగుకి మళ్లీ పోతానంటున్నాడు, రాత్రి డ్యూటీ వద్దని మాట్లాడుకున్నాం. పోయిన నెల వచ్చినప్పుడు ఒక కారియర్‌లో జున్ను తెచ్చాడు. కుర్చీని కొంచెం పక్కకు జరుపుకుని, కిటికీలోంచి రోడ్డు కనిపించేలా కూర్చున్నాడు. కింద ఒక బైకు ఆగింది. లేచి చూసి, మడ్‌గార్డు బాగానే ఉందని చెప్పి, మళ్లీ కూర్చున్నాడు.